కొత్త ల్యాప్‌టాప్‌లో తీసిన రిలీజ్ బిల్డ్ పాతదాని మీద ఎక్కడం లేదు. సైనింగ్ సెట్టింగ్ సరిగ్గానే ఉందే?

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
సోమవారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. రెండ్రోజులుగా దీంతోనే కొట్టుకుంటున్నా, ఇక మీ మీద పడ్డా.

రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే యాప్ ఒకటి ఫ్లట్టర్‌లో (యాప్‌లు రాసే గూగుల్ టూల్) చేశాను. ఏ గుంటలో ఎన్ని లక్షల పిల్ల వదిలారు, పూటకి ఎన్ని కిలోల మేత పడింది, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, ఇవే. గుంటల దగ్గర సిగ్నల్ సరిగా రాదని సర్వర్ పెట్టలేదు, డేటా మొత్తం ఫోన్‌లోనే ఉంటుంది. అల్లూరు, విడవలూరు వైపు నలభై మంది వాడుతున్నారు. ప్లే స్టోర్‌లో లేదు, ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) వాట్సాప్‌లో పంపిస్తుంటా.

పోయిన వారం ల్యాప్‌టాప్ మార్చాను. కొత్తదాంట్లో ప్రాజెక్ట్ దించుకుని 1.4 బిల్డ్ తీసి పంపితే ఒక్కరికీ ఎక్కలేదు. ఇప్పటికే ఉన్న ప్యాకేజీతో గొడవ పడుతోంది, ఇన్‌స్టాల్ కాలేదు అని వస్తోందట. ఒకాయన మాత్రం పాతది తీసేసి కొత్తది ఎక్కించుకున్నాడు. ఎక్కింది. ఆయన డెబ్బై రోజుల మేత లెక్క పోయింది. తెల్లారుజామున అయిదింటికి ఫోన్ చేసి "అబ్బాయా, నా పుస్తకం యాడ పోయిందబ్బా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సైనింగ్ సెట్టింగ్, అంటే యాప్ మీద నా డిజిటల్ సంతకం వేసేది, నాకు తెలిసినంతలో సరిగ్గానే ఉంది. మొదట్లోనే కీస్టోర్ (సంతకం కీ ఉండే ఫైల్) చేసుకున్నా. కీ డాట్ ప్రాపర్టీస్ ఫైల్లో పాస్‌వర్డ్‌లు, ఏలియస్ (కీ పేరు) పెట్టా. గ్రేడిల్ (బిల్డ్ తీసే టూల్) ఫైల్లో సైనింగ్ కాన్ఫిగ్స్ కింద రిలీజ్ అని బ్లాకు రాశా. ఆ కీస్టోర్ పెన్‌డ్రైవ్‌లో దాచినదే, అదే తెచ్చి కొత్త మెషిన్‌లో పెట్టా. మరి కీ ఒకటే అయినప్పుడు గొడవెందుకు?

ఇక్కడ కోడ్ అతికిస్తే కొటేషన్లు చెదిరిపోతున్నాయి, అందుకే మాటల్లో రాశాను. ఏమనుకోకండి.

కావలి_కుర్రోడు, కావలి
సోమవారం రాత్రి 10:05

వెర్షన్ కోడ్ పెంచావా అన్నా? నాకూ ఒకసారి ఎక్కకపోతే అదే కారణం. 1.4 అని పేరు మార్చి పక్కన అంకె మార్చలేదేమో చూడు.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
సోమవారం రాత్రి 10:11

పెంచాను తమ్ముడూ. పాతది 6, ఇది 7.

పెన్నా_ఒడ్డు, నెల్లూరు
సోమవారం రాత్రి 10:40

వెర్షన్ కోడ్ తగ్గిందనుకో, డౌన్‌గ్రేడ్ అని వేరే గొడవ వస్తాది. ప్యాకేజీ కాన్‌ఫ్లిక్ట్ అంటే నూటికి తొంభై పాళ్లు సంతకమే. పాత యాప్‌కీ కొత్త యాప్‌కీ ప్యాకేజీ పేరు ఒకటే, సర్టిఫికెట్ వేరు. ఎవడో అదే పేరుతో దొంగ యాప్ తెచ్చాడని ఫోన్ అనుకుంటది, నీ డేటా దగ్గరికి రానీదు. దాని పని అది చేసిందబ్బా.

"సెట్టింగ్ సరిగ్గానే ఉంది" అనే మాట పక్కన పెట్టు. నేను గ్రేడిల్ ఫైల్‌ని నమ్మడం మానేసి చాన్నాళ్లయింది. బయటికొచ్చిన ఫైల్‌ని అడుగు, అదే చెప్తాది. ఆండ్రాయిడ్ ఎస్‌డీకేలో బిల్డ్ టూల్స్ ఫోల్డర్ ఉంటాది, వెర్షన్ నంబరు ఉన్న దాంట్లోకి పో. ఏపీకే సైనర్ అక్కడే ఉండాది. వెరిఫై అని, ప్రింట్ సర్ట్స్ అనే ఆప్షన్ ఇచ్చి, నీ ఏపీకే పేరు ఇవ్వు. సైనర్ ఒకటి అని సర్టిఫికెట్ పేరు, దాని వేలిముద్రల్లాంటి షా-256, షా-1 వరసగా చూపిస్తది.

రెండు ఫైళ్లకీ చెయ్యి. కొత్త 1.4కి, వాట్సాప్‌లో పంపిన పాత 1.3కి. పాతది నీ దగ్గర లేకపోతే ఆ గ్రూపులోనే ఉంటాది, వెనక్కి పోయి దించుకో. అవి చూడకుండా ఇక్కడ మనం ఎంత మాట్లాడుకున్నా చీకట్లో రాళ్లేసినట్టే.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
సోమవారం రాత్రి 11:34

చేశాను అన్నా. ఇప్పుడింకా అయోమయంగా ఉంది. రెండిట్లోనూ సర్టిఫికెట్ పేరు ఒకటే: ఆండ్రాయిడ్ డీబగ్, సంస్థ ఆండ్రాయిడ్, దేశం యూఎస్. నా కీస్టోర్ చేసినప్పుడు నా పేరు, ఒంగోలు అని ఇచ్చా. ఆ పేరు రెండిట్లోనూ లేదు! షా-256 మాత్రం దేనికదే వేరు. పాతది 3ఎఫ్‌తో మొదలైంది, కొత్తది బీ8తో.

రిలీజ్ బిల్డే తీశా, ఒట్టు. ఫైల్ పేరులో కూడా రిలీజ్ అనే ఉంది.

ఉదయగిరి_చెక్క, ఉదయగిరి
సోమవారం రాత్రి 11:58

దొరికింది తమ్ముడూ. ఇక పడుకో, రేపు చేద్దువుగానీ. ఏమైందో మాత్రం చెప్తా.

సైనింగ్ కాన్ఫిగ్స్‌లో రిలీజ్ అనే బ్లాకు రాశానన్నావు. రాశావు, కానీ దాన్ని పిలిచిందెవరు? అదే ఫైల్లో ఇంకా కిందికి దిగితే బిల్డ్ టైప్స్ ఉంటుంది, అందులో రిలీజ్ ఉంటుంది. ఆ లోపల టూడూ అని ఒక వ్యాఖ్య కనిపిస్తుంది, రిలీజ్ బిల్డ్‌కి మీ సొంత సైనింగ్ కాన్ఫిగ్ పెట్టుకోండి, ఇప్పటికి డీబగ్ కీతో సంతకం చేస్తున్నాం అని. దాని కింద లైనులో సైనింగ్ కాన్ఫిగ్ డీబగ్ అని ఉంటుంది. కొత్త ఫ్లట్టర్ ప్రాజెక్ట్ అలాగే పుడుతుంది, రిలీజ్ మోడ్‌లో రన్ చేసి చూసుకోవడానికి వీలుగా. నువ్వు పైన బ్లాకు రాసి కింద ఈ లైను మార్చలేదు. పెళ్లిపత్రికలు అచ్చేయించి ఎవరికీ పంచనట్టు.

ఫైల్ పేరులో రిలీజ్ అన్నది బిల్డ్ రకానికి. లోపల ఏ కీ వాడారన్నది వేరే సంగతి.

ఇక షా ఎందుకు మారిందంటే, డీబగ్ కీస్టోర్, అంటే పరీక్ష బిల్డ్‌లకి వాడేది, ప్రతి మెషిన్‌లో దానంతట అదే పుడుతుంది. పాస్‌వర్డ్ ఊరందరికీ ఒకటే, చిన్న అక్షరాల్లో ఆండ్రాయిడ్. లోపలి కీ మాత్రం ఏ మెషిన్‌ది ఆ మెషిన్‌కే. ల్యాప్‌టాప్ మారింది, కీ మారింది. పాతదాంట్లో ఉన్నన్నాళ్లూ అదే డీబగ్ కీ కాబట్టి 1.0 నుంచి 1.3 దాకా ఒకదాని మీద ఒకటి చక్కగా ఎక్కాయి, అందుకే నీకు అనుమానం రాలేదు. ప్లే కన్సోల్‌లో (ప్లే స్టోర్‌కి యాప్ ఇచ్చే చోటు) పెట్టి ఉంటే మొదటి రోజే డీబగ్ మోడ్‌లో సైన్ చేశారని వెనక్కి కొట్టేది. వాట్సాప్ అదేమీ చూడదుగా.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
మంగళవారం పొద్దున 6:20

అక్కా, ఆ లైను అక్షరాలా అలాగే ఉంది. టూడూ వ్యాఖ్యతో సహా. ఏడాదిన్నరగా ఆ ఫైల్ తెరుస్తూనే ఉన్నా.

ఇప్పుడు ఆ లైను రిలీజ్‌కి మార్చేస్తే కొత్త బిల్డ్ నా కీతో వస్తుంది. కానీ నలభై మంది ఫోన్లలో ఉన్నది పాత డీబగ్ కీది. వాళ్ల లెక్కలు ఎలా కాపాడాలి? ఒక్కో రైతుకి నాలుగైదు గుంటలుంటాయి. పంట ఎండింగ్‌లో ఉంది, అందరూ తొంభయ్యో రోజు, నూరో రోజు మీద ఉన్నారు.

పెన్నా_ఒడ్డు, నెల్లూరు
మంగళవారం పొద్దున 7:02

ముందు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టు. ఎవురూ పాత యాప్ తీసెయ్యొద్దని. టైపు చేస్తే చదవరు, గొంతుతో చెప్పు. మిగతాది తర్వాత.

పాత ల్యాప్‌టాప్ ఏమైంది? యూజర్ ఫోల్డర్‌లో డాట్ ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ ఉంటాది, దాంట్లో డీబగ్ డాట్ కీస్టోర్. మూడు కేబీ కూడా ఉండదు ఫైలు. అది దొరికితే నీ నలభై మందీ దక్కినట్టే. దాన్ని తెచ్చి వేరే పేరుతో పెట్టుకుని, దాంతోనే సైన్ చేసిన 1.3.1 ఒకటి తియ్. పాతదాని మీద హాయిగా ఎక్కుతాది. అందులో కొత్తది ఒక్కటే పెట్టు, లెక్కలన్నీ ఒక ఫైలుగా బయటికి తీసి డౌన్‌లోడ్స్‌లో పెట్టే బటన్. రైతు దాన్ని నొక్కాక పాతది తీసేసి నీ అసలు కీతో చేసిన 1.4 ఎక్కించుకుంటాడు, ఆ ఫైలు లోపలికి లాక్కుంటాడు.

కావలి_కుర్రోడు, కావలి
మంగళవారం పొద్దున 9:15

ఆండ్రాయిడ్ 9 నుంచి కీ మార్చుకునే సదుపాయం వచ్చింది కదన్నా? పాత కీతో కొత్త కీకి హామీ ఇప్పించే పద్ధతి. తీసెయ్యకుండానే అయిపోతుందేమో.

పెన్నా_ఒడ్డు, నెల్లూరు
మంగళవారం పొద్దున 9:31

ఉండాది, మూడో రకం సంతకంలో. కానీ రేపు ప్లేకి పోవాలనుకుంటే అక్కడ వచ్చే కాపీ వాళ్ల కీతో ఉంటాది, ఈ గొలుసు అక్కడ పనికి రాదు. గుంటల కాడ అందరి దగ్గరా కొత్త ఫోన్లు కూడా ఉండవు. ఈయన కథకి ఎగుమతి బటనే మేలు.

చీమకుర్తి_రాయి, చీమకుర్తి
మంగళవారం పొద్దున 10:20

నా సంగతి కూడా చెప్తా, ఇలాంటిదే. గ్రానైట్ క్వారీల్లో లారీ తూకం స్లిప్పులకి యాప్ చేశా. ఇద్దరు కస్టమర్లు, ఇద్దరికీ వేరే పేర్లు, వేరే లోగోలు, కాబట్టి రెండు ఫ్లేవర్లు. ఒక్కోరికి ఒక్కో కీ. ఫ్లేవర్ కింద దేని సైనింగ్ కాన్ఫిగ్ దానికి రాశా. అయినా రెండు యాప్‌లూ ఒకే కీతో బయటికొచ్చాయి. బిల్డ్ టైప్‌లో రిలీజ్ కింద కూడా ఒక సైనింగ్ కాన్ఫిగ్ మిగిలిపోయింది. రెండు చోట్లా ఉంటే బిల్డ్ టైప్‌దే పైచేయి, ఫ్లేవర్‌ది పక్కకి పోతుంది. వార్నింగ్ లేదు, ఏమీ లేదు. రెండో కస్టమర్‌కి ప్లేలో తప్పు కీతో సైన్ చేశారు అని వచ్చాకే తెలిసింది. ఆ మెసేజ్‌లో ఉండాల్సిన షా-1, వచ్చిన షా-1 రెండూ చూపిస్తుంది, అదొక్కటీ నయం.

గ్రేడిల్‌లో సైనింగ్ రిపోర్ట్ అని ఒక టాస్క్ ఉంది, ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి పోయి నడపాలి. ఏ వేరియంట్‌కి ఏ కాన్ఫిగ్, ఏ ఫైల్, ఏ ఏలియస్ అని వరసపెట్టి చెప్తుంది. గుండ్లకమ్మ అన్నా, నువ్వది నడిపి ఉంటే రిలీజ్ పక్కన కాన్ఫిగ్ డీబగ్ అని కళ్ల ముందే కనిపించేది. కానీ అది సెట్టింగ్ చెప్పేదే, ఫైల్ చెప్పేది కాదు. పెన్నా అన్న మాటే నా మాట.

పలకల_ఊరు, మార్కాపురం
మంగళవారం మధ్యాహ్నం 1:45

ఆ లైను మార్చాక విండోస్‌లో ఇంకో గుంత ఉంది, ముందే చెప్తన్నా. కీ డాట్ ప్రాపర్టీస్‌లో కీస్టోర్ దారి రాసేటప్పుడు విండోస్ అలవాటు కొద్దీ వెనక్కి వాలిన గీత పెడతాం. ప్రాపర్టీస్ ఫైల్లో ఆ గీతకి వేరే అర్థం ఉంది, తర్వాతి అక్షరంతో కలిపి సంకేతంగా చదువుతుంది. అందరూ కీస్టోర్‌కి అప్‌లోడ్ కీస్టోర్ అనే పేరు పెడతారు, గీత పక్కనే యూ అక్షరం వస్తుంది. గీత తర్వాత యూ అంటే యూనికోడ్ సంకేతం అనుకుని నాలుగు అంకెల కోసం వెతుకుతుంది, దొరక్క మాల్‌ఫార్మ్‌డ్ యూనికోడ్ ఎన్‌కోడింగ్ అని చస్తుంది. నాకు ఒక ఆదివారం పోయింది దీనికి. ముందుకి వాలిన గీత పెట్టుకో, లేదా రెండేసి పెట్టుకో.

ఇంకోటి, పాస్‌వర్డ్ చివర ఖాళీ మిగలనీయొద్దు. లైను మొదట్లో ఖాళీలని వదిలేస్తుంది కానీ చివరివి పాస్‌వర్డ్‌లో భాగమే అనుకుంటుంది. వాట్సాప్‌లోంచి కాపీ కొడితే ఖాయంగా ఒకటి అంటుకుని వస్తుంది. అప్పుడు కీస్టోర్‌ని ఎవరో కెలికారు లేదా పాస్‌వర్డ్ తప్పు అని వస్తుంది. కీస్టోర్ పాడైందేమోనని హడలిపోతాం, అసలు తప్పు ఒక్క ఖాళీది.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
మంగళవారం రాత్రి 8:48

పాత ల్యాప్‌టాప్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశా, ఇదే నా గుండెదడ. మధ్యాహ్నం ఆ షాపుకి పోయా. ల్యాప్‌టాప్ ఉంది, దాని హార్డ్ డిస్క్ తీసి ఇంకోదానికి వేయబోతున్నారు. ఫార్మాట్ కాలేదు. అరగంట బతిమాలి, రెండు టీలు తాగించి, డిస్క్‌ని అక్కడి మెషిన్‌కే తగిలించి వెతికాం. డాట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో ఉంది. కాపీ చేసి కీటూల్‌తో (కీస్టోర్‌లో ఏముందో చూపే టూల్) లిస్ట్ చూస్తే షా-256 మొదలు 3ఎఫ్!

ఒక చిన్న మాట, తర్వాత వచ్చేవాళ్ల కోసం. ఏపీకే సైనర్ చిన్న అక్షరాలతో ఏకబిగిన 64 చూపిస్తుంది. కీటూల్ పెద్ద అక్షరాలతో, రెండేసికి ఒక కోలన్ పెట్టి చూపిస్తుంది. మొదట రెండూ వేరేమో అనుకుని షాపులోనే చెమటలు పట్టాయి. కోలన్లు తీసేసి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

1.3.1 తీశా. నా పాత ఫోన్లో 1.3 పెట్టి, నాలుగు ఉత్తుత్తి గుంటలు రాసి, దాని మీద ఎక్కించా. గుంటలు అలాగే ఉన్నాయి. రేపు పంపుతా.

ఉదయగిరి_చెక్క, ఉదయగిరి
మంగళవారం రాత్రి 9:10

చల్లని మాట చెప్పావు. ఆ కీస్టోర్‌ని ఇప్పుడైనా రెండు చోట్ల దాచు.

1.4 పంపే ముందు ఒక్కటి ఆలోచించుకో. ఎప్పటికైనా ప్లేలో పెడతావా? పెట్టేదుంటే, నీ కీతో సైన్ చేసిన 1.4ని వాట్సాప్‌లో పంచకు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్ ఏదైనా ఏఏబీగానే (ప్లేకి ఇచ్చే యాప్ బండిల్ ఫైల్) ఇవ్వాలి, ప్లే యాప్ సైనింగ్ తప్పనిసరి. నీ దగ్గరున్నది అప్‌లోడ్ కీ మాత్రమే, నువ్వే పంపావని కన్సోల్‌కి తెలియడానికి. రైతు ఫోన్‌కి వెళ్లేదాని మీద సంతకం గూగుల్ దగ్గరున్న వేరే కీది. అంటే వాట్సాప్ 1.4 ఉన్నవాడు ప్లే నుంచి 1.5 తీసుకోబోతే మళ్లీ అదే ప్యాకేజీ గొడవ, మళ్లీ అదే తెల్లారుజాము ఫోను.

దారులు రెండు. యాప్ చేర్చేటప్పుడే నీ సొంత కీని యాప్ సైనింగ్ కీగా వాళ్లకి ఇవ్వొచ్చు. లేదా వాళ్లనే కీ పుట్టించుకోనిచ్చి, కన్సోల్‌లో బండిల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి సైన్ అయిన యూనివర్సల్ ఏపీకే దించుకుని అదే వాట్సాప్‌లో పంపొచ్చు. నాకు రెండోదే నచ్చుతుంది. అప్‌లోడ్ కీ ఎప్పుడన్నా పోయినా రీసెట్ అడగొచ్చు, అసలు కీ వాళ్ల దగ్గర క్షేమం.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
మంగళవారం రాత్రి 9:25

ఇది తెలియకపోతే రెండోసారి మునిగేవాణ్ణి. రెండో దారే పట్టుకుంటా. ఏఏబీకి కూడా ఏపీకే సైనరేనా అక్కా?

ఉదయగిరి_చెక్క, ఉదయగిరి
మంగళవారం రాత్రి 9:33

ఏఏబీకి కీటూల్‌లో ప్రింట్ సర్ట్, జార్ ఫైల్ అని ఇచ్చి చూడు, అది జార్ పద్ధతి సంతకమే. అదే కమాండ్ ఏపీకే మీద నడిపి సైన్ కాలేదంటోందని కంగారు పడకు. మినిమం ఎస్‌డీకే 24, అంటే ఆండ్రాయిడ్ 7 ఆ పైన పెట్టుకుంటే పాత జార్ సంతకం మామూలుగా వేయదు, రెండో రకం సంతకం కీటూల్‌కి కనపడదు. ఏపీకేకి ఏపీకే సైనరే.

కీస్టోర్ గడువు కూడా చూడు. 2033 అక్టోబరు 22 దాటి ఉండాలి, లేకపోతే ప్లే తీసుకోదు. పదివేల రోజులని ఇచ్చి ఉంటే భయం లేదు, ఇరవయ్యేడేళ్లు.

కావలి_కుర్రోడు, కావలి
బుధవారం పొద్దున 8:40

మధ్యలో దూరుతున్నా. నా యాప్‌లో గూగుల్ లాగిన్ నా ఫోన్లో పనిచేస్తుంది, ప్లే నుంచి దించితే కోడ్ 10 అని పడిపోతోంది. ఇదీ సైనింగేనా?

చీమకుర్తి_రాయి, చీమకుర్తి
బుధవారం పొద్దున 8:52

ఇదీ అదే తంతు. ఫైర్‌బేస్‌లో (గూగుల్ లాగిన్ సెట్టింగ్ పెట్టే చోటు) నీ డీబగ్ షా-1 ఒక్కటే ఇచ్చి ఉంటావు. కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో సర్టిఫికెట్లు రెండు కనిపిస్తాయి. అప్‌లోడ్‌ది కాదు, యాప్ సైనింగ్ కీ సర్టిఫికెట్ షా-1 తీసుకెళ్లి ఫైర్‌బేస్‌లో చేర్చు. మ్యాప్ వాడుతుంటే ఆ మ్యాప్ ఏపీఐ కీ ఆంక్షల్లో కూడా చేర్చు, లేకపోతే మ్యాప్ బదులు బూడిద రంగు గళ్లే కనిపిస్తాయి.

కావలి_కుర్రోడు, కావలి
బుధవారం ఉదయం 11:30

పడింది అన్నా! నెల్లూరొస్తే చేపల పులుసు నా లెక్క.

పలకల_ఊరు, మార్కాపురం
బుధవారం ఉదయం 11:41

నెల్లూరు పులుసుకి కావలోడు డబ్బులిస్తాడా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

పెన్నా_ఒడ్డు, నెల్లూరు
బుధవారం మధ్యాహ్నం 2:15

గుండ్లకమ్మా, ఇకమీదట చేత్తో చూడాల్సిన పని పెట్టుకోబాక. బిల్డ్ తీసే స్క్రిప్ట్ చివర నాలుగు లైన్లు రాయి. బయటికొచ్చిన ఏపీకే షా-256ని ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టిన దాంతో పోల్చు, తేడా వస్తే ఏపీకేని చెరిపేసి ఆగిపో. షా దాచాల్సిన రహస్యమేం కాదు, గిట్‌లో (కోడ్ దాచుకునే చోటు) పెట్టుకోవచ్చు. కీస్టోరూ, కీ డాట్ ప్రాపర్టీసూ మాత్రం గిట్‌లోకి పోకూడదు.

ఇంకోటి. చాలామంది కీ డాట్ ప్రాపర్టీస్ లేకపోతే డీబగ్‌తో కానిచ్చెయ్ అని షరతు రాసుకుంటారు, ఎర్రర్ రాకుండా. నేనైతే ఆ షరతు కనిపిస్తే తీసేస్తా. ఫైలు లేకపోతే బిల్డ్ చచ్చిపోవాల. ఎర్రర్ రాకుండా తప్పు బిల్డ్ రావడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

గుండ్లకమ్మ_గట్టు, ఒంగోలు
శనివారం రాత్రి 10:05

ఆలస్యమైంది, రెండ్రోజులు విడవలూరు వైపే ఉన్నా. కన్సోల్‌లో ఏఏబీ ఎక్కించి, యూనివర్సల్ ఏపీకే దించి, సర్టిఫికెట్ చూశాకే చేతిలోకి తీసుకున్నా. ముప్పై ఏడు మందికి ఎగుమతి, తీసివేత, కొత్తది, దిగుమతి అన్నీ అయ్యాయి. సగం మందికి పక్కన కూర్చుని నేనే నొక్కించా. ఒకరికి డౌన్‌లోడ్స్ నిండా పెళ్లి వీడియోలుండి ఫైల్ పట్టలేదు, అవి తీయనివ్వడానికి వాళ్లావిడ ఒప్పుకోలేదు. చివరికి ఫైల్‌ని నా ఫోన్‌కి పంపించుకుని తిరిగి ఇచ్చా.

లెక్క పోగొట్టుకున్న ఆయన దగ్గరికీ పోయా. మేత కొట్టు బిల్లులు మేకుకి గుచ్చి పెట్టుకున్నాడు, డెబ్బై రోజులవీ. ఇద్దరం గట్టు మీద కూర్చుని బస్తాల లెక్కన మళ్లీ ఎక్కించాం. చెక్ ట్రే లెక్కలు మాత్రం రాలేదు.

మిగిలింది ఇద్దరు. పట్టుబడిలో (రొయ్యలు పట్టే పనిలో) ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. సోమవారం మళ్లీ పోతా.